రిటైర్మెంట్ వీసా: సొమ్ముతో పాటు తేదీలూ కలవాలి

థాయ్‌లాండ్‌లో స్థిరపడదామనుకునే పెద్దవాళ్ల చెవిన ముందుగా పడేవి రెండే మాటలు. వయసు 50 నిండాలి, బ్యాంకులో 8 లక్షల బాత్ ఉండాలి. మన డబ్బులో అది 20 లక్షల రూపాయలు దాటుతుంది. రెండూ ఉన్నాయి కదా, ఇక దరఖాస్తు పెట్టడమే తరువాయి అనుకుంటారు. తీరా కౌంటర్ దాకా వెళ్లాక, సొమ్ము ఖాతాలో పడి ఇంకా రెండు నెలలు కాలేదంటారు. లేదా మీకు ఈ దేశంలో నివాస హోదా లేదు, ఇక్కడ అడగడం కుదరదంటారు. లేదా పాస్‌పోర్టులో పేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో పేరు ఒకటి కాదంటారు. వయసుకీ డబ్బుకీ లోటు లేకపోయినా పని ఆగిపోయేది ఇలాంటి చోట్లే.

ఉద్యోగం కోసం దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఉంటూ, ఆ తర్వాతి రోజులు ఇంకో దేశంలో గడపాలనుకునేవారికి ఈ చిక్కు మరికాస్త ఎక్కువ. పాస్‌పోర్టు ఒక దేశానిది, కాపురం రెండో దేశంలో, వెళ్లాలనుకునేది మూడో దేశానికి. అందుకే ఫారం నింపే ముందు మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకోవాలి. దరఖాస్తు పెట్టే రోజున మీరు ఏ దేశంలో ఉంటారు? ఆ రోజు అక్కడ మీ హోదా ఏమిటి? మీ సొమ్ము ఎప్పటి నుంచి, ఎక్కడ, ఎవరి పేరు మీద ఉంది? మిగతా వివరాలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

విశ్రాంత జీవితానికని అన్ని దేశాలూ వీసా ఇవ్వవు. అమెరికాలో అలాంటి వీసా లేనే లేదు. బ్రిటన్ తన దగ్గరున్న ఏర్పాటును 2008లో మూసేసింది. ఆస్ట్రేలియా 2018లో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపింది. మలేషియా, ఫిలిప్పీన్స్, పోర్చుగల్, యూఏఈ వంటి చోట్ల ఇది వేర్వేరు పేర్లతో నడుస్తోంది. వీటన్నిటిలో ఎక్కువమంది వాడుకునేవాటిలో ఒకటైన థాయ్‌లాండ్ పద్ధతిని ఇక్కడ తీసుకుందాం. హైదరాబాద్ నుంచి నేరుగా విమానముంది, ప్రయాణం నాలుగు గంటల లోపే. గల్ఫ్‌లో పనిచేసి రిటైరయ్యే మనవాళ్లు, అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఈ దారి గురించి వాకబు చేయడానికి అదొక కారణం.

వీసా వేరు, ఉండటానికి అనుమతి వేరు

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. వీసా అనేది దేశంలోకి రావడానికి అర్హత. దాన్ని బయటి దేశాల్లోని థాయ్ ఎంబసీలు, కాన్సులేట్లు ఇస్తాయి. విమానాశ్రయంలో దిగాక ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టులో ఒక తేదీ వేస్తాడు. ఫలానా రోజు వరకు ఉండవచ్చని దాని అర్థం. ఉండటానికి అనుమతి అంటే అదే. వీసా గడువు, అనుమతి గడువు ఒకటే కానక్కర్లేదు. వీసా గడువు ముగిసినా అనుమతి ఇంకా నెలల తరబడి నడుస్తూ ఉండవచ్చు. అలాగే వీసా పేజీ మీద ఇంకా గడువు కనిపిస్తున్నా, అనుమతి తేదీ దాటితే అక్రమంగా ఉన్నట్టే.

ఊళ్లో అందరూ రిటైర్మెంట్ వీసా అని పిలుచుకునేది చాలాసార్లు అసలు వీసాయే కాదు. ఏడాదికోసారి ఇమిగ్రేషన్ ఆఫీసు ఇచ్చే పొడిగింపు అది. దాన్ని పొందడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. బయట ఉండగానే ఎంబసీ నుంచి దీర్ఘకాల వీసా తీసుకోవడం ఒకటి, మామూలుగా లోపలికి వెళ్లి అక్కడే మార్చుకోవడం మరొకటి. ఎవరికి ఏది నప్పుతుందన్నది వారు నిలబడ్డ చోటును బట్టి తేలుతుంది.

మొదటి దారి: బయట నుంచే

ఎంబసీ ఇచ్చేదాన్ని నాన్ ఇమిగ్రెంట్ ఓ-ఏ వీసా అంటారు. దరఖాస్తు రోజుకు వయసు 50 నిండాలి. 8 లక్షల బాత్‌కు సరిపడా డిపాజిట్ గానీ, నెలకు 65,000 బాత్‌కు తగ్గని ఆదాయం గానీ, రెండూ కలిపి ఏడాదికి 8 లక్షలయ్యే లెక్క గానీ చూపాలి. ఈ దారిలో ఒక సౌకర్యముంది. సొమ్ము థాయ్ బ్యాంకులోనే ఉండనక్కర్లేదు, మీరున్న దేశంలోని బ్యాంకులో ఉన్నా ఒప్పుకుంటారు. దానితో పాటు పోలీసు క్లియరెన్స్, వైద్య పరీక్ష సర్టిఫికెట్, ఆరోగ్య బీమా కావాలి. క్షయ, కుష్ఠు, బోదకాలు, మూడో దశ సిఫిలిస్, మాదకద్రవ్యాల వ్యసనం లేవని డాక్టరు రాసివ్వాలి.

బీమా నిబంధన 2019 అక్టోబరు 31న మొదలైంది. అప్పట్లో ఆసుపత్రిలో చేరితే 4 లక్షల బాత్, చేరకుండా చేయించుకునే వైద్యానికి 40,000 బాత్ వర్తిస్తే సరిపోయేది. 2021లో ఆ మొత్తాన్ని 30 లక్షల బాత్‌కు, అంటే లక్ష డాలర్లకు పెంచారు. అరవై దాటి, బీపీ, షుగర్ ఉన్నవారికి అంత మొత్తానికి పాలసీ దొరకడం కష్టం, దొరికినా ప్రీమియం మోయలేనంత ఉంటుంది. ఓ-ఏ దారి వద్దనుకునేవాళ్లలో చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే.

ఇక అసలు షరతు. ఓ-ఏ వీసాను మీరు పౌరులైన దేశంలో గానీ, చట్టబద్ధంగా నివసిస్తున్న దేశంలో గానీ అడగాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే చెన్నైలోని థాయ్ కాన్సులేట్ వైపు చూడాలి. 2025 జనవరి నుంచి ప్రపంచమంతటా ఈ-వీసా పద్ధతి వచ్చింది కాబట్టి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే వెళుతుంది. అంతమాత్రాన ఎక్కడ కూర్చుని పంపినా ఒకటే అనుకోకూడదు. మీరున్న దేశాన్ని ఎంచుకోమంటుంది, అక్కడ నివసిస్తున్నట్టు రుజువు అడుగుతుంది. పనిలో పనిగా లావోస్ చూడటానికి వెళ్లి వియంటియాన్‌లో దరఖాస్తు పెడదామంటే ఈ వీసాకి కుదరదు. అక్కడ మీరు పర్యాటకులే, నివాసులు కారు.

గల్ఫ్‌లో ఉన్నవారు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ నివాస హోదా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం మానేసి, గ్రాట్యుయిటీ చేతికి తీసుకుని, రెసిడెన్స్ వీసా రద్దయ్యాక తీరిగ్గా చేసుకుందాంలే అనుకుంటే, దుబాయ్‌లో ఆ రోజుకి మీరు నివాసి కారు. కాబట్టి అక్కడి నుంచే అడగదలచుకుంటే రెసిడెన్స్ నడుస్తుండగానే పని ముగించాలి. లేదా ఇండియాకి వచ్చాక ఇక్కడి నుంచి అడగాలి. రెండోదే మీ దారి అయితే దుబాయ్ పోలీసు క్లియరెన్స్‌ను మాత్రం అక్కడ ఉండగానే తీసుకోవడం మంచిది. ఏళ్ల తరబడి ఉన్న దేశం నుంచి సర్టిఫికెట్ అడిగే అవకాశముంది, దేశం వదిలాక దాన్ని తెప్పించుకోవడం పెద్ద తిరుగుడు. భారత పాస్‌పోర్టు మీద క్లియరెన్స్ అయితే విదేశాల్లో భారత కాన్సులేట్ ద్వారా, ఇండియాలో పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా వస్తుంది. ఈ సర్టిఫికెట్లు మూడు నెలల లోపువై ఉండాలి. అందుకే అన్నిటికన్నా ముందు వీటిని తెచ్చి బీరువాలో దాచుకోవడం వల్ల లాభం లేదు. మిగతావన్నీ సిద్ధమయ్యాక వీటికి వెళ్లాలి.

ఓ-ఏ వల్ల ఇంకో వెసులుబాటుంది. వీసా ఏడాది చెల్లుతుంది, ఆ ఏడాదిలో ఎన్నిసార్లైనా వెళ్లిరావచ్చు, ప్రవేశించిన ప్రతిసారీ ఏడాది అనుమతి పడుతుంది. గడువు ముగిసే వారంలో ఒకసారి బయటికి వెళ్లి తిరిగివస్తే మరో ఏడాది అనుమతి వస్తుంది. అలా ఒక్క వీసాతో దాదాపు రెండేళ్లు గడపవచ్చు. అయితే రెండో ఏడాదికి కూడా బీమా ఉండాలి. బీమా ఎంతవరకుంటే అనుమతి అంతవరకే వేసే అవకాశముంది.

రెండో దారి: లోపలికి వెళ్లి మార్చుకోవడం

ఈ దారిలో పర్యాటకులుగా లోపలికి వెళ్లి, ఇమిగ్రేషన్ ఆఫీసులో నాన్ ఇమిగ్రెంట్ ఓ హోదాకి మార్పించుకోవాలి. అప్పుడు 90 రోజుల అనుమతి వస్తుంది. అది ముగిసేలోపు ఏడాది పొడిగింపు అడగాలి. టూరిస్టు వీసా మీద వచ్చినవారు టీఎం.86 ఫారం, వీసా మినహాయింపు మీద వచ్చినవారు టీఎం.87 ఫారం నింపుతారు. రుసుము 2,000 బాత్. ఏడాది పొడిగింపుకి టీఎం.7 ఫారం, రుసుము 1,900 బాత్. కొన్ని ఎంబసీలు ఈ 90 రోజుల ఓ వీసాను బయటే ఇస్తాయి. అది దొరికితే మొదటి మెట్టు బయటే దాటినట్టు.

ఇక్కడ బీమా, పోలీసు క్లియరెన్స్ అడగరు. దానికి బదులు డబ్బు మీద చూపు గట్టిగా ఉంటుంది. సొమ్ము తప్పనిసరిగా థాయ్ బ్యాంకులో, మీ ఒక్కరి పేరు మీదే ఉండాలి, విదేశం నుంచి వచ్చినట్టు ఆధారముండాలి. ఏడాది పొడిగింపు అడిగే రోజుకి 8 లక్షల బాత్ ఖాతాలో రెండు నెలలుగా కదలకుండా ఉండాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. నవంబరు 1న 60 రోజుల టూరిస్టు వీసా మీద దిగారనుకోండి. దిగిన రోజూ లెక్కలోకి వస్తుంది కాబట్టి అనుమతి డిసెంబరు 30 వరకు. హోదా మార్పు అడిగేనాటికి చేతిలో కనీసం 15 రోజులు మిగిలి ఉండాలి, ఇంకా ఎక్కువ ఉంటే మంచిది. కాబట్టి నవంబరులోనే బ్యాంకు ఖాతా తెరిచి, సొమ్ము రప్పించుకుని, డిసెంబరు 1 నాటికి దరఖాస్తు పెట్టాలి. డిసెంబరు 16న మంజూరైతే అక్కడి నుంచి 90 రోజులు, అంటే సాధారణ సంవత్సరంలో మార్చి 15 వరకు. పొడిగింపు దరఖాస్తు ఆఖరి 30 రోజుల్లో తీసుకుంటారు కనుక ఫిబ్రవరి నడిమి నుంచి వెళ్లవచ్చు. సొమ్ము నవంబరు ఆఖరుకే పడింది కాబట్టి రెండు నెలల షరతు తీరిపోయింది. అదే, బయటే 90 రోజుల ఓ వీసా తీసుకుని డిసెంబరు 16న దిగినవారికి సొమ్ము జనవరి 20న వచ్చి ఉంటే? రెండు నెలలు నిండేది మార్చి 20కి, అనుమతి ముగిసేది మార్చి 15కి. అయిదు రోజుల తేడాతో మొత్తం వృథా అవుతుంది. మళ్లీ దేశం దాటి మొదటికి రావాలి.

ఈ లెక్కలో బలహీనమైన మెట్టు బ్యాంకు ఖాతా. పర్యాటకుడిగా వచ్చినవారికి ఖాతా తెరవడానికి చాలా శాఖలు ఒప్పుకోవు. ఒకే బ్యాంకులో ఒక శాఖ కాదంటే మరో శాఖ సరేనంటుంది. అద్దె ఒప్పందం, నివాస ధ్రువీకరణ, ఎందుకు తెరుస్తున్నారో చెప్పే కాగితాలు వెంట ఉంటే పని సులువవుతుంది. నవంబరులో సగం రోజులు దీనికే పోయినా ఆశ్చర్యం లేదు.

ఆ 8 లక్షలు ఎప్పుడు ముట్టుకోవచ్చు?

పొడిగింపు చేతికొచ్చింది కదా అని డబ్బు తీసేసుకోవడానికి లేదు. 2019 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, మంజూరయ్యాక ఇంకో మూడు నెలలు 8 లక్షలూ అలాగే ఉండాలి. ఆ తర్వాత సగం వరకు వాడుకోవచ్చు. అయితే ఏడాదిలో ఏ రోజూ నిల్వ 4 లక్షల కిందికి రాకూడదు. మళ్లీ పొడిగింపు అడగడానికి రెండు నెలల ముందు తిరిగి 8 లక్షలు చేయాలి. అంటే ఏడాదిలో అయిదు నెలలు 8 లక్షలు, మిగతా ఏడు నెలలు కనీసం 4 లక్షలు. ఏడాది చివర పాస్‌బుక్ తిరగేసి, ఒక్క రోజు 3,99,000 కనిపించినా పొడిగింపు తిరస్కరించవచ్చు. అందుకే అనుభవమున్నవాళ్లు ఈ సొమ్ముకు ఒక ఖాతా, ఇంటి ఖర్చుకు ఇంకో ఖాతా పెట్టుకుంటారు. ఏటీఎం కార్డు మొదటిదానికి తీసుకోనే తీసుకోరు.

పింఛను మీద బతికేవారికి రెండో పద్ధతుంది. నెలనెలా 65,000 బాత్‌కు తగ్గకుండా విదేశం నుంచి థాయ్ ఖాతాలోకి రావాలి. ఒకప్పుడు ఎంబసీ నుంచి ఆదాయ ధ్రువపత్రం తెచ్చి చూపితే పనైపోయేది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా ఎంబసీలు 2019 మొదలయ్యేసరికి ఆ పత్రాలివ్వడం మానేశాయి. పత్రంలోని అంకె నిజమో కాదో తాము నిర్ధారించలేమన్నది వాటి మాట. అప్పటి నుంచి ఆ దేశాల పౌరులు, వారిలో అమెరికా పౌరసత్వమున్న తెలుగువాళ్లు కూడా, బ్యాంకు ద్వారానే నెలనెలా సొమ్ము రప్పించుకుని రుజువు చూపుతున్నారు. ఇక్కడ మెలిక ఏమిటంటే, సొమ్ము విదేశీ బదిలీగానే నమోదవ్వాలి. తక్కువ ఖర్చుతో పంపే కొన్ని యాప్‌లు చివరి అంచెలో దేశీయ ఖాతా నుంచి జమ చేస్తాయి. పాస్‌బుక్‌లో అది లోపలి బదిలీగా కనపడితే ఆ నెల లెక్కకు రాదు.

ఇండియా నుంచి సొమ్ము పంపడం

ఇండియాలో నివసించేవారు రిజర్వు బ్యాంకు లిబరలైజ్డ్ రెమిటెన్స్ పథకం కింద ఆర్థిక సంవత్సరానికి తలకు రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపవచ్చు. 8 లక్షల బాత్ ఆ హద్దులో చాలా కొద్ది భాగం. కాకపోతే ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద, చదువు, వైద్యం వంటివి కాని అవసరాలకైతే, బ్యాంకు 20 శాతం పన్నును టీసీఎస్ పేరుతో ముందుగానే పట్టుకుంటుంది. ఉదాహరణకి 25 లక్షలు పంపితే 15 లక్షల మీద 3 లక్షలు. అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది, లేదా వాపసు వస్తుంది. కానీ అప్పటిదాకా అది మీ చేతిలో ఉండదు. పంపాల్సిన మొత్తం లెక్కేసుకునేటప్పుడు దీన్ని కూడా పక్కన పెట్టుకోవాలి. మార్చి ఆఖరులో కొంత, ఏప్రిల్ మొదట్లో కొంత పంపితే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపు కలిసొస్తుంది. మీ వీసా తేదీలు దానికి ఒప్పుకోవాలన్నది వేరే సంగతి.

ప్రవాసులకు ఈ పథకం వర్తించదు, అవసరమూ లేదు. ఉన్న దేశంలోని ఖాతా నుంచి నేరుగా పంపుకోవచ్చు. ఎన్ఆర్ఈ ఖాతాలోని సొమ్ముకు బయటికి పంపడంలో అడ్డు లేదు. ఊళ్లో పొలమో ఇల్లో అమ్మిన డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలో ఉంటే మాత్రం ఏడాదికి పది లక్షల డాలర్ల పరిమితి, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్, పన్ను కట్టిన ఆధారాలు ఉంటాయి. వారాలు పట్టే పని. థాయ్‌లాండ్‌లో దిగాక మొదలుపెడితే రోజులు చాలవు.

పేర్లు, పెళ్లి కాగితం

మన పేర్ల తీరు అక్కడివారికి అయోమయం. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి ఉంటుంది, పాత బ్యాంకు ఖాతాలో ఒక్క అక్షరంగా ఉంటుంది, పింఛను కాగితంలో ఇంటిపేరు చివరికి పోతుంది. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, ఇతర కాగితాల్లో అత్తింటిది. కొందరి పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీ. ఇలా ఒకే పేరున్న పాస్‌పోర్టుల మీద విజిట్ వీసాలతో వచ్చేవారిని యూఏఈ 2022 నవంబరు నుంచి రానివ్వడం ఆపిందని గల్ఫ్‌లో అందరికీ తెలుసు. ఈ కాగితాలన్నీ ఒకే మనిషివని మనకు చెప్పక్కర్లేదు. కౌంటర్ అవతలి మనిషి చూసేది మాత్రం అక్షరాలే. అఫిడవిట్ల కట్ట తీసుకెళ్లడం కన్నా, ఏడాది ముందే పాస్‌పోర్టు సరిచేయించుకుని, మిగతావాటిని దానికి తగ్గట్టు మార్పించుకోవడం తెలివైన పని. విదేశంలో ఉన్నా పాస్‌పోర్టు మళ్లీ తీసుకునే పనిని అక్కడి భారత కాన్సులేట్ చేసిపెడుతుంది.

దంపతులిద్దరికీ చెరో 8 లక్షలు ఉండనక్కర్లేదు. ఒకరు సొంత అర్హత మీద పొడిగింపు తీసుకుంటే రెండోవారు వారిపై ఆధారపడినవారిగా అడగవచ్చు, వారికి 50 ఏళ్లు నిండకపోయినా సరే. దానికి వివాహ ధ్రువపత్రం కావాలి. ఇక్కడే పెద్ద వయసు తెలుగు దంపతులకు ఇబ్బంది వస్తుంది. మన దగ్గర పెళ్లిళ్ల నమోదును తప్పనిసరి చేస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 2002లో. అంతకు ముందు పెళ్లయినవారిలో చాలామంది దగ్గర శుభలేఖ, ఫొటో ఆల్బమ్ తప్ప ఏమీ ఉండవు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడైనా నమోదు చేయించుకోవచ్చు, అయితే సాక్షులతో సహా మనుషులు స్వయంగా వెళ్లాలి. ఆ తర్వాత రాష్ట్ర స్థాయిలో, విదేశాంగ శాఖలో, ఎంబసీలో ధ్రువీకరణలు, థాయ్ భాషలోకి అనువాదం ఉంటాయి. సెలవుకి ఊరొచ్చినప్పుడు చేసుకోవాల్సిన పనుల్లో దీన్ని మొదట పెట్టుకోండి.

ఇమిగ్రేషన్ ఆఫీసులో ఆ రోజు

బ్యాంకాక్‌లో ఉండేవారు చేంగ్ వత్తనలోని ప్రభుత్వ భవన సముదాయానికి వెళతారు. మిగతావారికి వారి జిల్లా ఆఫీసు. పొడిగింపు రోజు ఎలా నడుస్తుందో చూడండి. ముందు బ్యాంకుకి వెళ్లాలి. నిల్వ ఎంతుందో తెలిపే లేఖ, ఎన్నాళ్లుగా ఉందో తెలిపే స్టేట్‌మెంట్ శాఖ నుంచి తీసుకోవాలి. తర్వాత అదే రోజు ఖాతాలో వంద బాత్ వేసో తీసో పాస్‌బుక్‌లో ముద్ర వేయించాలి. ఆ రోజు తేదీతో ఒక వరుస పడితేనే సొమ్ము ఈ రోజుకీ ఉందని ఒప్పుకుంటారు. నిన్నటి తేదీతో వెళితే మళ్లీ బ్యాంకుకి పంపిస్తారు. పాస్‌బుక్ అన్ని పేజీలకూ, పాస్‌పోర్టులో ఫొటో, వీసా, స్టాంపులున్న పేజీలకూ జిరాక్సులు తీయించి, ప్రతి కాగితం మీదా నీలం సిరాతో సంతకం చేయాలి. నాలుగు, ఆరు సెంటీమీటర్ల కొలతలో ఫొటో, అద్దె ఒప్పందం, ఇంటికి దారి చూపే చేతిగీత పటం జత చేయాలి. అద్దె ఒప్పందంలో సంవత్సరం 2569 అని కనిపిస్తే కంగారు పడకండి. బౌద్ధ శకం మన వాడుక లెక్కకన్నా 543 ఏళ్లు ముందుంటుంది, అది 2026.

కాగితాలు సరిపోతే చాలాచోట్ల అదే రోజు స్టాంపు వేస్తారు. కొన్ని ఆఫీసుల్లో పరిశీలనలో ఉందని నెల రోజుల స్టాంపు వేసి, మళ్లీ రమ్మంటారు. ఒక్కో ఆఫీసు ఒక్కో కాగితం అదనంగా అడగడం అక్కడ మామూలే. వారం ముందు ఖాళీ చేతులతో వెళ్లి, వారి జాబితా అడిగి తెచ్చుకుంటే ఒక తిరుగుడు తప్పుతుంది.

ఈ పనులన్నీ మేం చేసిపెడతాం, డబ్బు లేకపోయినా ఫర్వాలేదు అనే ఏజెంట్లు ఉంటారు. 8 లక్షలు కొన్ని రోజుల పాటు ఖాతాలో చూపించి వెనక్కి తీసుకుంటారు. మూడు నెలల షరతు, 4 లక్షల షరతు ఉన్నాక ఆ స్టాంపు ఎంత గట్టిదో ఊహించుకోవచ్చు. తనిఖీలో బయటపడితే జవాబు చెప్పాల్సింది పాస్‌పోర్టు ఎవరిదో వారే.

స్టాంపు పడ్డాక కూడా

పొడిగింపు రాగానే అందరూ మరిచిపోయేది రీ-ఎంట్రీ పర్మిట్. అది లేకుండా దేశం దాటితే ఏడాది అనుమతి ఆ నిమిషాన్నే రద్దయిపోతుంది. మళ్లీ పర్యాటకుడిగానే అడుగుపెట్టాలి. టీఎం.8 ఫారంతో ఒకసారికి 1,000 బాత్, ఎన్నిసార్లైనా వెళ్లిరావడానికి 3,800 బాత్. ఊళ్లో తల్లిదండ్రులో తోబుట్టువులో పెద్దవయసులో ఉన్నవారు రెండో రకాన్ని స్టాంపు పడిన రోజే తీసుకోవడం మేలు. అర్ధరాత్రి ఫోను వస్తే ఇమిగ్రేషన్ ఆఫీసు తెరిచేదాకా ఆగలేం కదా. మరీ అవసరం పడితే బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో బయలుదేరే ముందు తీసుకునే వీలుంది. అందుకు ఫొటో, నగదు దగ్గర పెట్టుకుని కాస్త ముందుగా చేరుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు 2025 మే నుంచి తప్పనిసరైన డిజిటల్ అరైవల్ కార్డును ప్రయాణానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి.

దేశంలోనే ఉంటే ప్రతి 90 రోజులకోసారి టీఎం.47 ఫారంతో చిరునామా తెలపాలి. గడువుకి 15 రోజుల ముందు నుంచి 7 రోజుల తర్వాత వరకు సమయముంటుంది, దాటితే 2,000 బాత్ జరిమానా. దేశం దాటి వస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఇది హాజరు వేయించుకోవడం లాంటిదే, దీనివల్ల అనుమతి ఒక్క రోజు కూడా పెరగదు. ఇక విదేశీయుడు ఇంట్లో దిగిన 24 గంటల్లో టీఎం.30 కింద కబురివ్వాల్సింది ఇంటి ఓనరు. ఆయన చేయకపోతే ఆగేది మీ పని. అందుకే ఇల్లు మాట్లాడుకునేటప్పుడే అద్దె, అడ్వాన్సుతో పాటు ఈ మాట కూడా అడగాలి.

గడువు దాటి ఉంటే రోజుకి 500 బాత్ చొప్పున 20,000 వరకు జరిమానా. 90 రోజులు మించితే, తమంతట తాముగా వెళ్లిపోయినవారికి కూడా కనీసం ఏడాది నిషేధం. పట్టుబడితే కనీసం అయిదేళ్లు. ఈ వీసా మీద ఉద్యోగం చేయకూడదు, జీతం ముట్టకూడదు. ఏడాదిలో 180 రోజులు గానీ అంతకు మించి గానీ ఉంటే పన్ను విషయంలో అక్కడి నివాసి అవుతారు. 2024 జనవరి నుంచి బయటి ఆదాయాన్ని ఆ దేశంలోకి తెచ్చుకుంటే పన్ను లెక్కలోకి వస్తుంది. భారత్, థాయ్‌లాండ్‌ల మధ్య రెండుసార్లు పన్ను పడకుండా ఒప్పందముంది. వెళ్లకముందే పింఛను, అద్దెలు, వడ్డీల జాబితాతో ఒక ఆడిటరు దగ్గర కూర్చుంటే తర్వాత తలనొప్పి ఉండదు.

ఎవరూ ఎత్తడానికి ఇష్టపడని విషయం ఇంకొకటుంది. సొమ్మంతా భర్త ఒక్కడి పేరు మీద, భార్య హోదా ఆయన మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆయన పోతే, ఖాతా నిలిచిపోతుంది. కోర్టు నియమించిన నిర్వాహకుడు వచ్చేదాకా బ్యాంకు సొమ్ము ఇవ్వదు. ఈలోగా ఆమె అక్కడ ఉండటానికి ఆధారమూ పోతుంది. థాయ్ చట్టం ప్రకారం రాసిన వీలునామా, ఆమె పేరిట వేరుగా కొంత నిల్వ ఉంటే ఆ రోజు మనిషి నడిరోడ్డున పడదు.

ఎవరికి ఏ దారి?

ఆరోగ్యం బాగుండి, తక్కువ ప్రీమియంతో పెద్ద పాలసీ దొరికి, సొమ్మును ఉన్న దేశంలోనే ఉంచుకోవాలనుకుంటే, నివాస హోదా నడుస్తుండగా ఓ-ఏ అడగడం మంచిది. బీమా దొరకనివారికి, 8 లక్షల బాత్‌ను అక్కడి బ్యాంకులో కదపకుండా ఉంచగలిగినవారికి రెండో దారి నప్పుతుంది. ఏడాదికి 80,000 డాలర్ల పింఛనో ఇతర రాబడో ఉన్నవారికి 2022 సెప్టెంబరులో మొదలైన ఎల్‌టీఆర్ (దీర్ఘకాల నివాస) వీసా ఉంది. పదేళ్ల గడువు, 50,000 బాత్ రుసుము. అమెరికాలో మంచి పింఛనుతో రిటైరయ్యేవారు దీన్ని ఒకసారి చూడాలి.

ఏ దారైనా పని మొదలుపెట్టాల్సింది చివరి తేదీ నుంచే. థాయ్‌లాండ్‌లో ఏడాది స్టాంపు ఏ నెలలో పడాలో ముందు నిర్ణయించుకోండి. అక్కడి నుంచి వెనక్కి లెక్కించి, సొమ్ము చేరాల్సిన రోజు, విమానం దిగాల్సిన రోజు, పోలీసు క్లియరెన్స్‌కి వెళ్లాల్సిన రోజు, పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ పూర్తవ్వాల్సిన నెల వరసగా రాసుకోండి. ఆ కాగితం మీద రెండు తేదీలు ఢీకొంటే ప్రయాణం ఒక నెల జరుపుకోండి. నిబంధనలు తరచూ మారతాయి కాబట్టి టికెట్ కొనే ముందు మీకు వర్తించే కాన్సులేట్‌తో, మీరు ఉండబోయే జిల్లా ఇమిగ్రేషన్ ఆఫీసుతో ఆ తేదీలను ఒకసారి సరిచూసుకోండి. ఉద్యోగానికి రాజీనామా లేఖ ఇచ్చేది కూడా ఈ లెక్క తేలాకే.